పగులు గోడవైపు

మే 11

మా ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్ళి ఇవాళ్టికి మూడు రోజులు. వదినగారికి మోకాలు నొప్పి. మనిషి సాయం కావాలి కదా. నొప్పి తగ్గగానే వచ్చేస్తుంది.

ఈలోగా ఇల్లంతా కొత్తగా అలంకరించాలని నిశ్చయించుకున్నాను. ఆవిడ వచ్చి గుమ్మంలోనే ఆగిపోవాలి. “ఇది మన ఇల్లేనా?” అనాలి. ముప్ఫై ఏళ్ళుగా పాతవస్తువుల దుకాణంలో పగిలినవాటిని అతికే పని నాది. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు నన్ను పిలిపించుకుని, ఏ పూలకూజా ఏ మూల ఉండాలో, ఏ కొవ్వొత్తి స్తంభం పక్కన ఏ బొమ్మ నప్పుతుందో అడిగి మరీ సర్దించుకుంటారు. సొంత ఇల్లు సర్దుకునే తీరిక మాత్రం ఇప్పటికి దొరికింది. ఈ మాట వింటే ఆవిడ నవ్వేది. “ఇంకా సర్దడమా? పక్కకి తిరిగితే చాలు, భుజానికి ఏదో ఒకటి తగులుతోంది” అనేది.

ముందుగదితో మొదలుపెట్టాను. ఆవిడ కుట్టుమిషను ఇనుపకాళ్ళ పాతకాలపుది. ఊరికే ఉన్నా అందమే. దాని మూతమీద పాలతెలుపు కూజాలు మూడు పెట్టి, వెనక మచ్చలు పడ్డ పాత అద్దం ఆనిస్తే ఆరు కనిపిస్తాయి. అది నా ఆలోచనే, రెండేళ్ళ నుంచీ అలాగే ఉంది. ఇవాళ నాలుగోది కూడా చేర్చాను. ఇప్పుడు ఎనిమిది.

నీలం కూజా గురించి ఇవాళ రాయను.

మే 13

ఫోన్ చేశాను. వదినగారు ఎత్తారు. బాగా రొప్పుతున్నారు.

“మేడమీద బట్టలారేస్తున్నా మరిదిగారూ. ఫోను మోగుతుంటే పరిగెత్తుకుంటూ దిగొచ్చా. అదా? స్నానానికెళ్ళింది.”

మోకాలు తొందరగానే నయమవుతున్నట్టుంది. మంచిదే.

మే 16

ఒక మంచి సంగతి కనిపెట్టాను. గాజుగ్లాసుల సెట్టులో ఆరుండాలి, అయిదే ఉన్నాయి. అలమార అంతా వెతికాను. లేదు. అంటే ఆవిడ పట్టుకెళ్ళింది. తనకి ఆ గ్లాసుల్లో తాగితేనే తృప్తి. ఒక చిన్న సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని వెళ్ళిన మనిషి ఆ ఒక్క గ్లాసు మాత్రం వదల్లేకపోయిందన్నమాట. ఈ ఇంటి వస్తువు ఒకటి తన దగ్గరుంది. సెట్టు విడిపోతే ఎవరికైనా మనసొప్పదు. గ్లాసు రావాలి, దానితోపాటు మనిషీ రావాలి.

రోజంతా ఈల వేస్తూనే ఉన్నాను. దుకాణంలో పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి రెండుసార్లు చూశాడు.

మే 17

పెద్దాయన అంటే దుకాణం యజమాని. నాకు పని నేర్పినవాడు. ఆయన మొదటిరోజు చెప్పిన మాట ఇది: “ఎంత బాగా అతికినా అతుకు అతుకేరా. పగులు గోడవైపు తిప్పి పెట్టు. ఎదటివాడికి మంచి మొహమే కనపడాలి.” అప్పటినుంచీ ఆ పద్ధతి తప్పలేదు. దుకాణంలోనే కాదు, ఇంట్లోనూ అంతే. మా ఇంట్లో నలభై పైగా వస్తువులున్నాయి. అన్నీ అతుకువేసినవే. పాడైనవి కాబట్టే నాకు దక్కాయి. ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళకి మాత్రం ఒక్క గీత కనిపించదు.

ఇవాళ అన్నిటినీ దుమ్ముదులిపి, ఒక్కొక్కదాని మంచి మొహం వెతికి తిప్పాను. సాయంత్రమైంది. మధ్యలో కూర్చుని చూస్తుంటే అందరూ నావైపే చూస్తున్నట్టుంది. ఎవరూ మాట్లాడరు. ముళ్ళు లేని గడియారం ఒకటుంది, దానికి ఎప్పుడు చూసినా నచ్చిన టైమే.

మే 20

ఆవిడ వెళ్ళేముందు రెండురోజులు కంచం చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడే తింది. నడుం నొప్పేమో అనుకున్నాను. అడగాల్సింది.

వెళ్ళిన రోజు నేను దుకాణం నుంచి వచ్చేసరికి వీధితలుపు బార్లా తెరిచి ఉంది. ఇత్తడి సింహం తల పిడి ఉన్న తలుపు అది, నేనే ఓ పడగొట్టిన బంగళా నుంచి తెచ్చి బిగించాను. ఎవడైనా లోపలికి వచ్చుంటే? ఎంత తొందర ఉంటే మాత్రం తలుపు కూడా వెయ్యకుండా వెళతారా మనుషులు!

నీలం కూజా విషయంలో నేనేమీ అనలేదు. జాగ్రత్త అన్నాను, అంతే.

మే 24

మధ్యాహ్నం కునుకు పట్టింది. కలొచ్చింది. నేను వేలెడంత అయిపోయి నీలం కూజా లోపల నడుస్తున్నాను. లోపల చల్లగా ఉంది. పైన గుండ్రంగా ఆకాశం. ఎక్కడినుంచో మిషను కుడుతున్న చప్పుడు. “నేనిక్కడున్నా” అని అరిచాను. నా గొంతు గోడలకి తగిలి గుండ్రంగా తిరిగి నా దగ్గరికే వచ్చింది. మిషను ఆగలేదు. చప్పుడు హాయిగా ఉంది, అక్కడే కూర్చుని వింటూ ఉండిపోయాను.

లేచాక కూడా కాసేపు వినిపించింది. ఎదురింటి పంపు మోటారు.

మే 29

ఆకుపచ్చ సీసాలు కిటికీకి ఎడమవైపుకి మార్చాను.

మే 30

మళ్ళీ కుడివైపుకి.

జూన్ 1

పెళ్ళయిన ఏడాది ఆ నీలం కూజా దొరికింది. ఒక పాత హోటలు ఎత్తేస్తుంటే చెత్తకుప్పలో ఏడు ముక్కలుగా పడి ఉంది. నేను ఏరుతుంటే ఆవిడ కొంగు పట్టింది. “ఇవి కూడా వస్తువులేనా?” అంటూనే ఎనిమిదో ముక్క తనే వెతికి తెచ్చింది. పన్నెండు రాత్రులు పట్టింది అతకడానికి. ఆవిడ పక్కన కూర్చుని ముక్కలు అందించింది. ఆ రోజుల్లో ఇంట్లో కూజా అదొక్కటే. బల్లమీద కంచాల మధ్యనే ఉండేది.

ఈ మార్చిలో దాన్ని అలమారలోంచి తీసి పడమటి కిటికీ గట్టుమీద పెట్టాను. సాయంత్రం నాలుగింటికి ఎండ దాని నున్నటి పొట్టకి తగిలి, ఎదురుగోడమీద ఒక వెలుగు పడేది. చేపంత వెలుగు. గోడమీద నుంచి ఈదుకుంటూ పైకప్పుకి వెళ్ళి అయిదింటికి మాయమయ్యేది. “చేపొచ్చింది చూడు” అని పిలిచేవాణ్ణి. ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసేది. చేప చాలా బావుందని తనే కదా కూజాలో పసుపుపచ్చ పూలు పెట్టడం మొదలుపెట్టింది.

రెండు నెలలు చేప వచ్చింది. మే ఆరున నేను ఇంటికొచ్చేసరికి కూజా నేలమీద ముక్కలుగా పడి ఉంది. పూలు, నీళ్ళు. అతుకులకి నీళ్ళు పడవని ఎన్నిసార్లు చెప్పాను! అతుకువేసిన కూజాలో నీళ్ళు పొయ్యకూడదు. చిన్నపిల్లలకి కూడా తెలిసిపోయేంతగా చెప్పాను ఈ ఇంట్లో.

ముక్కలన్నీ పాత దుప్పట్లోకి ఊడ్చి మూటకట్టి అటకమీద పడేశాను. చూడబుద్ధి కాలేదు. ఇప్పటికీ కాదు.

జూన్ 4

పళ్ళ డాక్టరమ్మ ఫోన్ చేసింది. కొత్త ఇల్లు కట్టుకుంది, అంతా పాతవస్తువులతో అలంకరించుకోవాలని సరదా. మొన్న నేను అతికిచ్చిన ఎర్ర కూజాని హాల్లో పెద్ద కిటికీలో పెడతానంది.

“వద్దమ్మా, ఎండ తగలకూడదు” అన్నాను.

“అదేంటండీ, అతికిందే కదా?”

“మేం వాడేది కావాలంటే మళ్ళీ ఊడదీసుకునే జిగురు. రేపు నాకంటే పనిమంతుడు ఎవడైనా దొరికితే విప్పి బాగా అతుక్కోవాలిగా. అందుకని కొంచెం వేడికి మెత్తబడుతుంది. రోజూ ఎండలో పెడితే ఒకనాటికి దానంతటదే విడిపోతుంది.”

“అమ్మో, మంచిపని చేశారు చెప్పి” అంది. అలా అడిగి తెలుసుకునేవాళ్ళంటే నాకు గౌరవం.

నాలుగింటికి ఇంటికొచ్చి కిటికీ ఎదురుగా కూర్చున్నాను. గట్టు ఖాళీగా ఉంది. ఎండ వచ్చింది, చేప రాలేదు. గోడ అంతా తెల్లగా ఉండిపోయింది.

ఆ రోజు కాస్త గట్టిగానే అన్నాననుకుంటా. ఇలాంటివి ఏ ఇంట్లో లేవు?

జూన్ 9

వదినగారే ఫోన్ చేశారు. రెండో మోతకే ఎత్తాను.

“మరిదిగారూ, ఓ మాట చెప్పాలి. అది ఇక్కడే ఉండిపోతానంటోంది. మా పక్కవీధిలో బట్టలు కుట్టే ఆవిడ దగ్గర పని కుదిరింది. అక్కడే పైన ఒక గది ఉంది. వచ్చేనెల ఆరో తారీఖు ఆదివారం, వ్యాను మాట్లాడుకుని మిషను తీసుకెళ్ళడానికి వస్తాం.”

“మీ మోకాలు?” అన్నాను.

“నా మోకాలికేమైంది?”

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

“ఒక కూజా పోయిందని ఇంత దూరమా వదినగారూ?” అన్నాను.

“కూజా కోసం కాదులెండి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఇంతకీ ఆ రోజు దాన్ని ఏమన్నారో గుర్తుందా?”

“నీళ్ళు పొయ్యొద్దని...”

“సరే, ఉంటాను” అన్నారు.

జూన్ 10

ఉండిపోవడం అంటే కొన్నాళ్ళు ఉండడం అని కూడా అనుకోవచ్చు.

జూన్ 11

అనుకోలేం.

జూన్ 14

ఆవిడ రాకపోతే ఈ ఇంట్లో ఇవన్నీ ఎవరు చూస్తారు? ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నే రాలేదు. ప్రతి వస్తువూ పెట్టి “ఎలా ఉంది?” అని అడిగేవాణ్ణి. ఆవిడ “బావుంది” అనేది. ఆ ఒక్క మాట కోసమే పెట్టేవాణ్ణని ఇవాళ తెలిసింది. ఇంకెవరు బావుందన్నా నాకు అక్కర్లేదు. ఆవిడ రావాలి. మిషను కోసం కాదు, ఉండడానికి రావాలి.

ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. హాలు మళ్ళీ మొదటినుంచి సర్దుతాను. కొంగల బొమ్మలున్న జత కూజాలు దుకాణంలో ఉన్నాయి, తెచ్చి గుమ్మానికి రెండువైపులా పెడితే ఆ రోజు లోపలికి రాగానే మనసు మెత్తబడుతుంది.

జూన్ 18

ఇవాళ పళ్ళ డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాను, ఇల్లు సర్దిపెట్టడానికి. గోడలన్నీ తెలుపు, కిటికీలన్నీ పెద్దవి. ఎర్ర కూజాని ఎండ పడని మూల ఎత్తుపీటమీద పెట్టి, పగులు గోడవైపు తిప్పాను. బాగా కుదిరింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది.

“కానీ ఒక్కటే బాధండీ. ఇంత అందమైన వాజులో పూలు పెట్టుకోకపోతే ఎలా? నీళ్ళు పొయ్యొద్దంటారాయె.”

“దానికేముందమ్మా? లోపల ఒక గాజుగ్లాసు పెట్టండి. నీళ్ళు గ్లాసులో, పూలు గ్లాసులో. కూజాకి చుక్క తగలదు. బయటికి ఏమీ కనిపించదు. మా ఆవిడ ఎప్పుడూ అలాగే చేస్తుంది.”

చెప్పి, నిచ్చెనపీట మీద అలాగే నిలబడిపోయాను.

“ఏమైందండీ, కళ్ళు తిరుగుతున్నాయా?” అంది డాక్టరమ్మ. దిగి కూర్చున్నాను. మంచినీళ్ళిచ్చింది. ఆ గ్లాసుకేసి ఎంతసేపు చూశానో.

ఎప్పుడూ అలాగే చేస్తుంది. ఇరవై ఏడేళ్ళుగా. ఆ సంగతి నాకు తెలుసు. పరాయి ఇంట్లో నాలుక చివర ఉన్న మాట మా ఇంట్లో ఆ రోజు ఎక్కడికి పోయింది?

జూన్ 18, సాయంత్రం

అటకమీద నుంచి మూట దించాను. బల్లమీద పాత దుప్పటి విప్పాను.

పెంకుల మధ్య సన్నటి తెల్లగాజు ముక్కలు. వేళ్ళతో ఒక్కొక్కటీ వేరుచేశాను. గ్లాసు అడుగు మాత్రం గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉంది. ఆరో గ్లాసు అది. పట్టుకెళ్ళిందని నెలరోజులుగా ఈల వేసుకుంటున్న గ్లాసు.

ఆవిడ ఈ ఇంటి నుంచి ఏమీ తీసుకెళ్ళలేదు.

ఇక కూజా. ఎనిమిది ముక్కలు, అదే ఎనిమిది. ఒక్క కొత్త పగులు లేదు. పాత అతుకుల దగ్గరే విడిపోయింది. అంచుల్లో జిగురు సాగి, తీగలుగా మారి, మళ్ళీ గట్టిపడింది. నీళ్ళకి మా జిగురు తెల్లబడుతుంది, పొలుసులు లేస్తుంది. ఇలా సాగేది వేడికే. నా దగ్గర పని నేర్చుకునే ఎవడైనా ఒక్క చూపులో చెప్పేస్తాడు. నేను మాత్రం చూడకుండా మూటకట్టాను.

రెండు నెలలు రోజూ నాలుగింటికి, చేప కోసం, దాన్ని ఎండలో నిలబెట్టింది నేను. దీపం కిందే చీకటి అంటారు. నా విషయంలో దీపం వెలిగించింది కూడా నేనే.

ఇప్పుడు ఎండ ఉంది. గోడమీద ఏమీ లేదు. ఏడుపొచ్చింది. రాస్తున్నాను కాబట్టి దాచడమెందుకు, ఏడ్చాను.

జూన్ 19

ఆ రోజు అన్నమాట రాస్తాను. జాగ్రత్త అనలేదు. కాస్త గట్టిగానూ అనలేదు. మెల్లగానే, ఒక్కొక్క మాటా ఒత్తి పలికాను.

“ఇంకనించీ ఈ ఇంట్లో నావేవీ ముట్టుకోకు.”

ఆవిడ నా మొహంకేసి చూసి, “సరేనండీ” అంది.

కుర్చీలు నావి. బల్ల నాది, నూరేళ్ళ నల్లచేవ బల్ల. ఆవిడ టీగ్లాసు పెడితే మచ్చ పడకుండా గుడ్డముక్క పట్టుకుని వెనకాలే పరిగెత్తేవాణ్ణి. కుట్టుమిషను ఆవిడదే, కానీ దానిమీద ఉన్నవి నావి. అవి దించకుండా మూత తెరవలేదు. దించాలంటే ముట్టుకోవాలి. వీధితలుపు పిడి కూడా నాదే.

రెండురోజులు నిలబడి తింది. తలుపు వెయ్యకుండా వెళ్ళింది. నేను ముట్టుకోవద్దన్నాను, ఆవిడ ముట్టుకోలేదు.

జూన్ 21

వదినగారికి ఫోన్ చేశాను. “ఆవిడతో మాట్లాడాలి” అన్నాను. స్నానానికెళ్ళిందన్నారు. “రోజుకి ఎన్ని స్నానాలు చేస్తుంది వదినగారూ?” అంటే, “మరి నేనేం చెప్పను నాయనా” అన్నారు. మొదటిసారి నన్ను నాయనా అన్నారు.

జూన్ 23

కొంగల కూజాలు తేలేదు. ఇంట్లో ఉన్నవే బుట్టలో సర్ది దుకాణానికి మోయడం మొదలుపెట్టాను. మొదట కొవ్వొత్తి స్తంభాలు. తర్వాత సీసాలు, అటూ ఇటూ తిప్పి విసిగించినవి. ఒక్కొక్కటీ ఎత్తినప్పుడల్లా కింద దుమ్ములేని గుండ్రటి చోటు కనిపిస్తోంది. ఇల్లంతా అవే.

పెద్దాయన బుట్టలోకి తొంగిచూశాడు. “ఇల్లు ఖాళీ చేస్తున్నావట్రా?”

“మా ఆవిడ వస్తోంది” అన్నాను.

“రావడానికా, పోవడానికా?”

ఆయనకి ఎవరు చెప్పారో. “తెలీదు” అన్నాను.

“మరి నీలం కూజా?”

“అతుకుతున్నాను. ఈసారి పగులు ఎటు తిప్పాలో తోచడం లేదు.”

ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. “గోడవైపు తిప్పమంది కొనుక్కునేవాళ్ళ కోసంరా సన్నాసీ. నువ్వు ఇంటికి కూడా పట్టుకెళ్ళావూ?” అన్నాడు.

జూన్ 29

ఇసుకపళ్ళెంలో నీలం కూజా. ఇసుకలో ముక్కని కావలసిన వాలులో గుచ్చి నిలబెడితే దాని బరువే దాన్ని అతుకుతుంది. మనం నొక్కకూడదు. తొందరపెట్టకూడదు. రోజుకి ఒక ముక్క. ఇదివరకు పక్కన ముక్కలందించే చెయ్యి ఉండేది. ఇవాళ రెండుసార్లు చూడకుండానే కుడిచెయ్యి పక్కకి చాచాను.

ఇల్లు ఖాళీ అయ్యేకొద్దీ పెద్దదవుతోంది. నడుస్తుంటే నా అడుగులు నాకే వినిపిస్తున్నాయి. వెలుతురు ఇష్టమొచ్చినచోట కూర్చుంటోంది. ఈ హాలు కిటికీలు ఇంత కిందికి ఉంటాయని తెలియనట్టే బతికాను.

జులై 2

మిషను మీది కూజాలు దించాను. అద్దం తీశాను. మూత తెరిస్తే లోపల సూదికింద ఒక గుడ్డ, సగం కుట్టి ఉంది. నా చొక్కా. కాలరు దగ్గర ఆగిపోయింది. ఎప్పుడు మొదలుపెట్టిందో, ఎన్నాళ్ళనుంచి ఆ కూజాల కింద ఉందో.

తియ్యలేదు. మూత వేశాను. మిషనుని పడమటి కిటికీ దగ్గరికి జరిపాను. కుట్టేవాళ్ళకి వెలుతురు కావాలి.

జులై 5

రేపు.

జులై 6

పదిన్నరకి వచ్చారు. వదినగారు, వ్యాను అతను, ఆవిడ.

తలుపు నేనే తెరిచి పట్టుకున్నాను. ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. రెండునెలలుగా కలగన్నట్టే ఆగింది, కాకపోతే చూడడానికి ఏమీ లేదు. నాలుగు కుర్చీలు, బల్ల, దానిమీద నీలం కూజా, కిటికీ దగ్గర మిషను. అంతే. ఆవిడ చిక్కింది. జుట్టు కొంచెం పొట్టిగా కత్తిరించుకుంది. బావుంది. చెప్పలేదు.

“ఇల్లు దోచుకుపోయారా ఏంటి?” అన్నారు వదినగారు.

“నేనే ఇచ్చేశాను.”

ఆవిడ చేతులు ముందుకి కట్టుకుని లోపలికి వచ్చింది, అద్దాల దుకాణంలో నడిచినట్టు. మిషను దగ్గర నిలబడింది. నావైపు తిరక్కుండానే అడిగింది.

“ముట్టుకోవచ్చా?”

వదినగారే కసిరారు. “నీ మిషనే తల్లీ! అడుగుతావేం?”

నేను వారం రోజులుగా బట్టీపట్టిందంతా మరిచిపోయాను. మిగిలింది ఇంతే. “నువ్వు నీళ్ళు పొయ్యలేదు. గ్లాసే పెట్టావు. ఎండలో పెట్టింది నేను. విడగొట్టింది నేను.”

“తెలుసు” అంది.

“తెలుసా? మరి ఆ రోజే చెప్పచ్చుగా?”

“మీరు అడిగారా?”

అడగలేదు. “అలా అనకూడదు నిన్ను. తప్పయింది” అన్నాను. వ్యాను అతను ఎదురుగానే ఉన్నాడు. సిగ్గనిపించలేదు. అతనే పాపం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ మిషను మూత తెరిచింది. చొక్కా చూసింది. వేలితో కుట్టు మీద రాసి, “నూనె ఉందా?” అంది. తెచ్చాను. కూర్చుని ఒక్కొక్క సందులో చుక్క వేసి, తొక్కి చూసి, మళ్ళీ వేసింది. ఆ చప్పుడు! కలలో విన్నదే. వ్యాను అతనికి టీ ఇచ్చాను, వదినగారికి ఇచ్చాను. ఆవిడ కాలరు కుట్టేసి, దారం పళ్ళతో తెంపి, చొక్కా మడతపెట్టి కుర్చీమీద పెట్టింది.

“ఇక ఎత్తమంటారామ్మా?” అన్నాడు వ్యాను అతను.

నా ప్రాణం ఆ జవాబు మీదే ఉంది.

“ఎత్తు” అంది.

అతనూ నేనూ కలిసి మోశాం. ముందువైపు నేనే పట్టుకున్నాను. ఎన్నో ఇళ్ళకి ఎన్నో వస్తువులు మోశాను, ఇంత బరువు ఎరగను.

తిరిగొచ్చేసరికి ఆవిడ బల్లదగ్గర కూర్చుని ఉంది. కుర్చీలో. టీ తాగుతోంది, అయిదు గ్లాసుల్లో ఒకదానితో. నీలం కూజాకేసి చూస్తోంది. ఎనిమిది అతుకులూ తనవైపే ఉన్నాయి.

“పగులు ఇటు పెట్టారేం? మీ పద్ధతి కాదుగా.”

“నాకు కనపడుతూ ఉండాలని.”

“అంత బాగా కుదరలేదు ఈసారి” అంది. “మూడో ముక్క కొంచెం పైకి లేచింది.”

“అందించేవాళ్ళు లేరు” అన్నాను.

ఆవిడ టీ పూర్తిచేసి గ్లాసు బల్లమీద పెట్టింది. నా చెయ్యి అలవాటుగా గుడ్డముక్క కోసం కదిలింది. ఆవిడ చూసింది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని కట్టుకున్నాను.

వదినగారు వ్యానులోంచి పిలిచారు. ఆవిడ లేచి గుమ్మం దాటింది. నేను హాల్లోనే నిలబడిపోయాను. అప్పుడు ఇత్తడి పిడి తిరిగిన చప్పుడు. తలుపు తనే దగ్గరికి లాగి, వేసి వెళ్ళింది.

జులై 7

బల్లమీద గుండ్రటి మచ్చ పడింది. తెల్లగా, గ్లాసు అడుగంత. కొంచెం నూనె రాస్తే పోతుంది. ఇలాంటివి వందల్లో పోగొట్టాను.

రాయలేదు.

జులై 10

కొత్త చొక్కా వేసుకుని దుకాణానికి వెళ్ళాను. పెద్దాయన కాలరు వేళ్ళతో పట్టిచూసి, “పని తెలిసిన చెయ్యి” అన్నాడు.

జులై 12

ఫోన్ చేశాను. వదినగారు ఎత్తారు. “ఉండండి, పిలుస్తాను” అన్నారు. ఆవిడ వచ్చింది. ఇద్దరం మిషను చక్రానికి వేసే తోలు పటకా గురించి మాట్లాడుకున్నాం. కొత్తది వెయ్యాలట. మా దుకాణం పక్కనే దొరుకుతుందని చెప్పాను.

జులై 17

సాయంత్రం నాలుగు దాటింది. ఎండ వచ్చింది, గోడ తెల్లగా ఉంది. నేను కొనిపెట్టిన పటకా తీసుకెళ్ళడానికి ఆవిడే వచ్చింది, టీ తాగి ఇప్పుడే వెళ్ళింది.

బల్లమీద మచ్చ పక్కన ఇంకో మచ్చ ఉంది. ఇంకా ఆరలేదు.